తీర్పు చెప్పని లాయరమ్మ

లాయరమ్మ పోయిందన్న కబురు నాకు నరసరావుపేట నుంచి ఆమె గుమాస్తా చెప్పాడు. నేను బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "మాస్టారూ, అమ్మగారు ఇక లేరండి. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే తల వాల్చేశారు" అన్నాడు. ఎన్నింటికి తీసుకెళ్తారు, ఎవరెవరు వచ్చారు అని అడగాల్సినవి అడిగి ఫోన్ పెట్టేశాను. మా ఆవిడకు చెప్పకముందే మా అన్నకు ఫోన్ చేశాను. చేసి మాట్లాడాక గానీ తట్టలేదు, ఆరేళ్ళ క్రితం దాకా ఆ నంబరు నా ఫోన్లోనే లేదని.

ఆ నంబరు మళ్ళీ నా ఫోన్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే లాయరమ్మ గురించి చెప్పాలి. ఆమె గురించి చెప్పాలంటే మా ఇంటి గుట్టు బయటపెట్టుకోవాలి. బతికుండగా ఒకసారి అడిగాను, "మా సంగతి ఎప్పుడైనా రాసుకోవచ్చా అమ్మా" అని. "మధ్యవర్తి గదిలో మాట ఆ గది దాటకూడదు. నేనైతే చచ్చినా చెప్పను. మీ కథ మీది, మీ అన్న ఒప్పుకుంటే రాసుకోండి. నా పేరు మాత్రం వెయ్యొద్దు" అంది. అన్నను అడిగాను. "రాయి. ఉన్నదున్నట్టు రాయి, నువ్వు మంచోడివన్నట్టు రాసుకోమాక" అన్నాడు. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళు నరసరావుపేటలో ప్రాక్టీసు చేసిన మనిషి. ఓ రోజు నల్లకోటు విప్పి బీరువాలో పెట్టేసి, శిక్షణ తీసుకుని కోర్టు ఆవరణలోనే మధ్యవర్తిగా కూర్చుంది. కోటు పోయినా లాయరమ్మ అన్న పిలుపు పోలేదు. అంత బాగా నడిచే ప్రాక్టీసు ఎందుకు వదిలేశారని నేను చానాసార్లు తరిచి తరిచి అడిగాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఒక్కసారి మాత్రం ఇలా అంది:

"ఓ కేసు గెలిచాను మాస్టారూ. గట్టు తగాదా. గెలిచినోడూ ఓడినోడూ ఒకే ఊరోళ్ళు, ఒకే బస్సెక్కి ఇంటికి పోవాలి. ఎట్టా పోతారా అని బస్టాండు దాకా వెళ్ళి చూశా. ఒకడు ముందు డోర్లో ఎక్కాడు, ఇంకోడు వెనక డోర్లో. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి, ఇద్దరూ కూర్చోలా. చెరో డోరు దగ్గరా నిలబడి పోయారు."

"అందుకని మానేశారా?"

"అందుకనే అని ఏం లేదు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయిగా" అని నవ్వేసింది.

మాది వెల్దుర్తి దగ్గర మెట్ట పల్లె. మా నాన్న పోయేముందు నాలుగెకరాలూ నోటిమాటగా మా ఇద్దరికీ చెరి సగం పంచాడు. బోరు అన్న వాటాకొచ్చిన చెక్కలో పడింది. అక్కడినుంచి అన్న చేలో భూమి కింద పైపు వేసి నా చెక్కకు నీళ్ళిచ్చాడు నాన్న. చాలా ఏళ్ళు బాగానే నడిచింది. నేను మాచర్లలో బడిపంతులుని, సెలవులప్పుడు చేనుకు వెళ్ళేవాణ్ణి. ఓ ఏడు మిరప తోట కాయ మీద ఉండగా రెండు రోజులు ఊళ్ళో లేను. తిరిగొచ్చేసరికి పైపు అన్న చేలో పగిలి ఉంది. నా తోట వాడుమొగం పట్టింది. అంతకు వారం ముందే అన్నకూ నాకూ మాటామాటా అయింది. ఇంకేం కావాలి నాకు? రచ్చబండ దగ్గర పదిమందిలో నిలబడి, "పగలగొట్టింది మా అన్నే" అన్నాను. "నేను కాదురా" అన్నాడు అన్న. నేను విన్లేదు. తోట ఎండిపోయింది. నేను కోర్టుకెక్కాను.

తొమ్మిదేళ్ళు వాయిదాలు తిరిగాం. ఈ మధ్యలో నా కూతురి పెళ్ళి చేశాను. అన్నను పిలవలేదు. మా వదిన మాత్రం పెళ్ళి అయిన మూడో రోజున మాచర్ల వచ్చి, గుమ్మంలోనే నిలబడి పిల్లను దీవించి వెళ్ళింది. లోపలికి రమ్మని నేను అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలాంటి రోజుల్లో జడ్జిగారు మా కేసును మధ్యవర్తిత్వానికి పంపారు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళు ఆగింది పైపు ఎవరు పగలగొట్టారో తేలడానికి గాని, కబుర్లు చెప్పుకోవడానికా? పైగా ఆ ఏడు మళ్ళీ మిరప వేశాను, వానలు ముఖం చాటేశాయి. రెండు వారాల్లో ఒక తడి నీళ్ళు అందకపోతే తోట మళ్ళీ పోతుంది.

మొదటి రోజు ఆ గదిలోకి వెళ్ళగానే నాకు వింతగా తోచింది కుర్చీలు. ఎదురెదురుగా లేవు. మా రెండు కుర్చీలూ పక్కపక్కనే, కిటికీ వైపు తిప్పి ఉన్నాయి. లాయరమ్మ ఓ పక్కగా కూర్చుంది. బల్ల మీద పళ్ళెంలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఒక్కటే పళ్ళెం. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆమె పెన్ను మూత తియ్యలేదు. రాసుకోరేమని అడిగితే, "నేను రాయడం మొదలెడితే మీరు నాకు చెప్పడం మానేసి కాగితానికి చెప్పడం మొదలెడతారు" అంది.

"పైపు ఎవరు పగలగొట్టారో తేల్చండి మేడం" అన్నాను నేను, కూర్చోగానే.

"తేల్చను. తీర్పులు పక్క బిల్డింగులో చెప్తారు. గెలవాలంటే అక్కడికెళ్ళండి. రేపు పొద్దున మళ్ళీ ఒకరి చేలోనుంచి ఒకరు నడవాల్సినోళ్ళయితే ఇక్కడ కూర్చోండి" అంది.

ఆ రోజూ, ఆ తర్వాతి రోజూ నేనే మాట్లాడాను. పాఠం చెప్పడం అలవాటైన నోరు కదా. అన్న వేరుశనక్కాయలు కూడా ముట్టుకోలేదు.

మూడో రోజున జరిగిందే ఇదంతా రాయడానికి కారణం. మా వైపు ఊళ్ళలో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నప్పుడు ఓ పద్ధతుంది. ఇరుపక్షాలూ తెల్లకాగితం అడుగున సంతకం చేసి పెద్దమనుషుల చేతిలో పెడతారు. మీరు ఏం తేల్చినా మాకు సమ్మతమే, పైన మీరే రాసుకోండి అని అర్థం. ఊళ్ళో పెద్దలు మా ఇద్దరికీ విడివిడిగా అదే సలహా ఇచ్చారు. లాయరమ్మ ముందు మర్యాదగా ఉంటుందనీ, కేసు తొందరగా తెగుతుందనీ. నేను బీఈడీ చదివినవాణ్ణి, పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. అయినా సంతకం పెట్టిన ఖాళీ కాగితం పట్టుకెళ్ళాను. నేను తీసి ఇవ్వగానే అన్న కూడా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు.

ఆమె రెండు కాగితాలూ చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఏంది ఇది? మూడు రోజులుగా నేను చెప్పిందేంది, మీరు తెచ్చిందేంది? మీ బతుకు నన్ను రాయమంటారా?"

ఆమె నా సంతకమున్న కాగితం అన్న చేతిలో పెట్టింది. అన్న సంతకమున్నది నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు ఇచ్చారు? అంత నమ్మకముంటే ఒకరికొకరు ఇచ్చుకోండి. ఆయన సంతకం మీద మీకేం కావాలో మీరు రాసుకోండి మాస్టారూ. పెద్దాయనా, మీ తమ్ముడి సంతకం మీద మీరు రాసుకోండి. అరగంట టైం. ఎవరి గదిలో వాళ్ళు కూర్చోండి."

అన్నను లోపలి గదిలోకి పంపింది. నేను ముందు గదిలోనే బల్ల దగ్గర కూర్చున్నాను. నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది సంబరమే. బోరు ఉమ్మడిది. పైపు అన్నే వేయించాలి. పగలగొట్టింది తానేనని ఒప్పుకోవాలి. రచ్చబండ దగ్గరే క్షమాపణ చెప్పాలి. వరసగా తోసుకొస్తున్నాయి. పెన్ను తీశాను.

తీసి, అన్న సంతకం చూశాను. గుండ్రంగా, కుదురుగా ఉంది. చివరి అక్షరం కొమ్ము మాత్రం కాస్త పొడుగు. ఆ కొమ్ము నాది. మా అన్న రెండో తరగతితో బడి మానేశాడు. నాన్నకు చేతిసాయం కావాల్సి వచ్చింది, ఇద్దరిలో పెద్దవాడు తను. సొసైటీలో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గుపడుతున్నాడని, నేను కాలేజీ సెలవుల్లో వచ్చినప్పుడు మా ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు మీద సుద్దముక్కతో వారం రోజులు దిద్దించి సంతకం నేర్పాను. అప్పట్లో నేను కొమ్ములు అలా పొడుగ్గా వేసేవాణ్ణి. పేరు తప్ప ఇంకేమీ నేర్పలేదు. అదయ్యాక సెలవులు అయిపోయాయి.

లోపలి గది తలుపు ఓరగా తీసి ఉంది. అన్న కనిపిస్తున్నాడు. ముందు కాగితం, చేతిలో పెన్ను. మూత తియ్యలేదు. తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళుగా కోర్టు కాగితాల మీద ఆ సంతకం చూస్తూనే ఉన్నాను. దాని వెనక ఇంకో అక్షరం లేదన్న సంగతి నాకు గుర్తు రానే లేదు. ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను.

లేచి లోపలికి నడిచాను. లాయరమ్మ అడ్డం వచ్చింది. "మాస్టారూ, ఎవరి గదిలో వాళ్ళుండాలన్నాను."

"మా అన్నకు రాయడం రాదమ్మా" అన్నాను మెల్లగా.

ఆమె కళ్ళద్దాలు తీసేసింది. కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళి అన్న ముందు నిలబడింది. "తప్పయింది నాయనా. అడక్కుండా ఇచ్చాను" అంది.

"మీరడగలా, నేను చెప్పలా. దాందేముందమ్మా" అన్నాడు అన్న. చెవులు ఎర్రగా అయి ఉన్నాయి.

నేను పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత అంత దగ్గరగా కూర్చోవడం. చొక్కా నుంచి పురుగుమందు వాసన వస్తోంది, పొద్దున తోటకు కొట్టి వచ్చినట్టున్నాడు. కాగితం నా వైపు లాక్కున్నాను.

"ఏం రాయాలో చెప్పు. నేను రాస్తా."

"నువ్వా? నీ మీద నువ్వే రాసుకుంటావా?"

"రాస్తా."

"ఏం చెప్తే అది?"

"ఏం చెప్తే అది."

అన్న పెన్ను నా ముందుకు తోశాడు. "అయితే రాయి. పైపు మా అన్న పగలగొట్టలా, అని రాయి."

"ఇంకా?"

"ఇంకేం లేదు. అంతే."

"బోరు సంగతి? నీళ్ళ సంగతి?"

"నీళ్ళు ఇయ్యనని ఎప్పుడన్నా అన్నానంట్రా? నువ్వడగలా. నోటీసు పంపావు."

నా దావా మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. పగలగొట్టింది అన్నే అని. అది తీసేస్తే తొమ్మిదేళ్ళ వాయిదాల్లో ఏమీ మిగలదు, పదిమందిలో నేనన్న మాట తప్ప. నమ్మకుండా అలా రాయవచ్చా? సాయం కోసం లాయరమ్మ వైపు చూశాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అవునని గాని కాదని గాని అనలేదు. కనీసం తల కూడా ఊపలేదు. నాకు ఆ క్షణాన ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

రాశాను. "మా పొలంలో పైపు మా అన్న పగలగొట్టలేదు." కింద నా సంతకం ముందే ఉంది.

"చదువు" అన్నాడు అన్న. చదివాను.

"ఇంకోసారి చదువు." మళ్ళీ చదివాను. అన్న కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "తడి ఎప్పుడు కావాల నీకు?" అన్నాడు.

నా చేతిలో అన్న సంతకమున్న కాగితం ఖాళీగానే ఉంది. లాయరమ్మ దాన్ని తీసుకుని చించేసింది. "ఇవేవీ ఒప్పందాలు కావు. అసలు పని ఇప్పుడు మొదలు పెడదాం" అంది. అన్న ఆ సాయంత్రమే మోటారు వేసి, కొత్త పైపు వచ్చేదాకా కాలవకు గండి కొట్టి నా చేనుకు నీళ్ళు వదిలాడు. అసలు ఒప్పందానికి ఇంకో మూడుసార్లు కూర్చున్నాం. ఏ రోజు ఎవరి వంతు, కరెంటు పోతే వంతు ఎలా జరుపుకోవాలి, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి అని ఒక్కో ముక్కా మా నోటితోనే చెప్పించింది. ప్రతి ముక్కా అన్నకు చదివి వినిపించి, "మీరన్నది ఇదేనా పెద్దాయనా" అని అడిగాకే ముందుకు వెళ్ళింది.

మా సంగతి ఎలాగో ఊరంతా పాకింది. కాగితాలు మార్చి అన్నదమ్ముల్ని కలిపిందంట, ఏం తెలివిరా అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకుని, ఆ ఉపాయం ఎక్కడ నేర్చుకున్నారో తెలుసుకోవాలని నరసరావుపేట వెళ్ళినప్పుడల్లా లాయరమ్మ ఇంటి గుమ్మం ఎక్కేవాణ్ణి. ఆమెకు ఆ పొగడ్త అసలు గిట్టేది కాదు.

"ఉపాయం కాదు, పాడూ కాదు. నాకు కోపం వచ్చింది. మధ్యవర్తికి రాకూడదు, వచ్చింది. ఆ కోపంలో మనిషికి చదువొచ్చా రాదా అని కూడా అడక్కుండా చేతిలో పెన్ను పెట్టా. అంత చక్కటి సంతకం చూసి మోసపోయా. మీరు లేచి రాకపోతే ఏమయ్యేది? ఆయన ఆ సిగ్గుతో బయటికి నడిచిపోతే, ఈ జన్మకు మళ్ళీ మీ ఇద్దరూ కలిసేవాళ్ళా?"

"కానీ మంచే జరిగిందిగా అమ్మా."

"జరిగింది మీ వల్ల. నా వల్ల జరగబోయింది వేరు. కలిపి చెప్పబాకండి."

ఆ తర్వాత ఆమె ఎవరితో కూర్చున్నా ముందు పక్కకు పిలిచి, చదవడం రాయడం ఎంతవరకు వచ్చో మెల్లగా కనుక్కునేదట. ఈ మాట గుమాస్తా చెప్పాడు. కాగితాలు మార్చడం మాత్రం మళ్ళీ ఎన్నడూ చేయలేదు. నాకు తెలిసిన పెద్దవాళ్ళలో తన గెలుపును తన తప్పు కిందే లెక్కేసుకున్న మనిషి ఆమె ఒక్కతే. నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లల ముందు ఒక్క తప్పయినా అలా ఒప్పుకున్నానా అని వెతుక్కుంటే, ఏమీ గుర్తు రాలేదు.

ఒక్క యావ మాత్రం నన్ను వదల్లేదు. ఓసారి ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, మీరైనా చెప్పండి. ఆ పైపు ఎవరు పగలగొట్టి ఉంటారు?"

ఆమె వేరుశనక్కాయ ఒలుస్తూ నన్ను ఎగాదిగా చూసింది. "రాసిచ్చారుగా?"

"రాశాను."

"నమ్మి రాశారా?"

"అప్పుడైతే... రాశానంతే."

"ఇప్పుడు?"

నేనూ ఓ కాయ తీసుకుని ఒలిచాను. అడవి పందులు తవ్వి ఉండొచ్చు, ట్రాక్టరు గొర్రు తగిలి ఉండొచ్చు. అన్న కూడా అయి ఉండొచ్చు. ఆమె ఇంకేమీ అడగలేదు, మా మనవరాలి చదువు సంగతి ఎత్తింది. అదే మేం ఆఖరిసారి మాట్లాడుకోవడం. ఆ ప్రశ్న ఆమె ఇంకాస్త గుచ్చి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. కానీ గుచ్చడం ఆమె పద్ధతి కాదు.

పెద్దకర్మ రోజున అన్నా నేనూ కలిసి నరసరావుపేట వెళ్ళాం. కల్యాణమంటపం నిండా జనం. భోజనాల బంతిలో కూర్చున్నాక నాకు ఓ సరదా పట్టుకుంది. ఇక్కడున్నవాళ్ళలో సగానికి సగం ఆమె గదిలో కూర్చుని వచ్చినవాళ్ళే. ఎవరు ఎవరి మీద కేసు వేసి ఉంటారో కనిపెట్టాలని ముఖాలు చూడటం మొదలుపెట్టాను. ఆ బట్టతలాయనకూ పక్కన వడ్డిస్తున్న కుర్రాడికీ ఏమైనా ఉందా? ఆ మూల కూర్చున్న ఆడామగా విడిపోయినవాళ్ళా, కలిసినవాళ్ళా? ఒక్కటీ పోల్చలేకపోయాను.

ఎదురు వరసలో ఎర్రంచు చీర కట్టుకున్న పెద్దామె నా చూపు పసిగట్టింది. "మాది నాదెండ్ల. ఇదుగో, ఈమె నా తోడికోడలు. మాది గోడ తగాదా" అంది పక్కనున్నామెను చూపిస్తూ. "మీరిద్దరూ ఏమవుతారు?"

"అన్నదమ్ములం. మాది నీళ్ళ పైపు" అన్నాడు అన్న.

"పైపుకి ఏమైంది?"

"పగిలింది."

"ఎవరు పగలగొట్టారేంది?" అంది ఆమె, పప్పు కలుపుకుంటూ.

అన్న నోరు తెరవబోయాడు.

"మా అన్న కాదు" అన్నాను నేను.

ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియలేదు. పెద్దామె "ఓహో" అని చారు కోసం కేక వేసింది. అన్న నా వైపు చూడలేదు. తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిసిపోయిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. వడ్డించే అతను గరిటె పట్టుకుని పక్కన నిలబడి, ఇంకాస్త వెయ్యమంటారా అని రెండుసార్లు అడిగినా, తల ఎత్తకుండా అలా కలుపుతూనే ఉన్నాడు.